రెండో బేస్‌మెంట్‌లో తొమ్మిది మంది

మా యూనిఫాం ప్యాంట్లకు జేబులుండేవి. కాని వాటి మూతులు కుట్టేసి ఇచ్చేవాళ్ళు. ఊడ్చేవాళ్ళకూ తుడిచేవాళ్ళకూ జేబులెందుకని. మొదటిరోజు బట్టలు చేతికొచ్చినప్పుడు తెలియక చెయ్యి దూర్చబోతే వేళ్ళు కుట్టుకు తగిలి ఆగిపోయాయి. "ఇదేంది, దర్జీకి బుద్ధి లేదా?" అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. బుద్ధి లేనిది దర్జీకి కాదని నాకు తెలియడానికి అరపూట పట్టింది. ఇప్పుడు తలచుకున్నా ఒళ్ళు మండుతుంది.

హైటెక్ సిటీలో పద్నాలుగు అంతస్తుల అద్దాల టవర్ అది. పగటి షిఫ్టులో మేం తొమ్మిది మంది ఆడవాళ్ళం. మమ్మల్ని పనిలో పెట్టింది ఒక ఏజెన్సీ, మా మీద పెత్తనం బిల్డింగ్ మేనేజర్‌ది. మాకు టీం లీడర్ యాభై ఏళ్ళ మనిషి. పాలమూరు వైపు నుంచి భర్తతో కలిసి తట్ట మొయ్యడానికి వచ్చి, ఆయన పోయాక చీపురు పట్టిందట. అందరం పెద్దక్క అనేవాళ్ళం. సాయంత్రం షేరింగ్ ఆటో ఎక్కేముందు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టేది. "మేం పశువులమా పెద్దక్కా?" అని నేను ఎగతాళి చేస్తే, "పశువులైతే చెప్పిన మాటింటయే" అనేది.

నాది వికారాబాద్ దగ్గర పల్లె. ఇంటర్ దాకా చదివాను. నోరు పెద్దదని ఇంటా బయటా పేరు. ఆ నోరు అవసరమైన ఒక్క రోజున ఎలా పడిపోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు నాకు అయిదో నెల. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు. అంతకుముందు ఏడాది ఏడో నెలలోనే నొప్పులొస్తే, చేర్చుకునే చోటు కోసం ఆటోలో ఊరంతా తిరిగి తిరిగి బిడ్డను పోగొట్టుకున్నాను. ఈసారి మొదటినుంచీ పెద్ద దవాఖానలోనే చూపించుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ ఖర్చు మా వల్ల అయ్యేది కాదు. నాకున్నదల్లా పనితో పాటు వచ్చిన కార్మికుల బీమా కార్డు. ఏజెన్సీ రోల్స్‌లో పేరున్నన్నాళ్ళే ఆ కార్డుకు ప్రాణం. కడుపు కనబడిందంటే మాత్రం, "ఇంట్లో రెస్ట్ తీసుకోమ్మా" అని నవ్వుతూ పేరు కొట్టేసేవాళ్ళు. అలా వెళ్ళిపోయినవాళ్ళను ఇద్దరిని చూశాను. అందుకే చొక్కా కింద చున్నీ బిగించి కట్టుకుని వచ్చేదాన్ని.

మా ఆయనకంటే ముందు పెద్దక్కే కనిపెట్టింది. ఏమీ అడగలేదు. మర్నాడు స్టోర్‌లోంచి రెండు సైజులు పెద్ద చొక్కా తెచ్చి నా మీద పడేసింది. బకెట్లు మొయ్యని పనిలోకి, ఆరో అంతస్తు బాత్రూంలకు మార్చేసింది. "నోరు తక్కువ వాడు, అన్నం ఎక్కువ తిను" అంది, అంతే.

మేనేజర్ ఎవరినీ తిట్టేవాడు కాదు. అమ్మా, తల్లీ అనేవాడు. ఒకసారి మాలో ఒకామె కళ్ళు తిరిగి లాబీ సోఫాలో క్షణం కూర్చుంది. "తుడవండమ్మా, మీరు కూర్చున్నారు కదా" అని అదే సోఫాను గంటసేపు ఆమెతోనే తుడిపించాడు, వచ్చేపోయే వాళ్ళందరూ చూస్తుండగా. పక్కన నిలబడి చిరునవ్వు నవ్వుతూనే ఉన్నాడు. నాకు బూతులు తిట్టే మేస్త్రీలు తెలుసు, చెయ్యెత్తే మేస్త్రీలు తెలుసు. ఇలా నవ్వేవాణ్ణి మాత్రం అక్కడే చూశాను.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారు. పొద్దున్నుంచీ ఒకటే హడావిడి. పదకొండు ప్రాంతంలో ఆరో అంతస్తు బాత్రూంలో వాష్‌బేసిన్ అంచున ఉంగరం కనబడింది. తెల్లరాయి, సన్నటి చుట్టు. చేతులు కడుక్కుంటూ తీసి ఎవరో మేడం మర్చిపోయింది. తడి గ్రానైట్ మీద జారి గొట్టంలో పడిపోతుందేమోనని తీశాను. మా రూల్ ప్రకారం దొరికిన వస్తువును ఆ అంతస్తు గార్డుకివ్వాలి. బయటకొచ్చి చూస్తే గార్డు కుర్చీలో లేడు. చేతిలో పట్టుకుని పని చెయ్యలేను, వేసుకోవడానికి జేబు లేదు. పోనీలే, పడిపోకుండా ఉంటుందని చిటికెన వేలికి తొడుక్కున్నాను.

అంతలో ప్యాంట్రీలో పాలు ఒలికాయని పిలిచారు. పైన రబ్బరు గ్లౌజు వేసుకుని పరుగెత్తాను. ఆ తర్వాత ఇంకో పని, దాని తర్వాత ఇంకో పని. అరగంట తర్వాత ఇచ్చేద్దామని గ్లౌజు తీస్తే ఉంగరం కదల్లేదు. కడుపొచ్చినప్పటి నుంచీ నా వేళ్ళు సాయంత్రానికి వాచేవి. ఆ రోజు మధ్యాహ్నానికే వాచాయి. లాగితే ఇంకా వాచింది. దొంగతనం చేసినదానిలా ఒళ్ళంతా చెమటలు పట్టాయి. సబ్బు రాద్దామని బేసిన్ దగ్గరికి పోయేసరికి అక్కడ ఆ మేడం ఏడుస్తోంది, గార్డులు వెతుకుతున్నారు. "ఇదిగోండి" అని చెయ్యి చూపిస్తే సరిపోయేది. చూపించలేకపోయాను. ఉంగరం వేలికి పెట్టుకుని తిరుగుతున్న పనిమనిషి మాట ఎవరు నమ్ముతారు? గ్లౌజు మళ్ళీ తొడుక్కున్నాను.

పన్నెండున్నరకు మా తొమ్మిది మందినీ రెండో బేస్‌మెంట్‌కు రమ్మన్నారు. అక్కడే మేం బట్టలు మార్చుకునే గది. కిటికీ లేదు. ఒక మూల ఫినాయిలు, యాసిడ్ డబ్బాలు, పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్. మా ఫోన్లు రోజూలాగే సెక్యూరిటీ లాకర్లో ఉన్నాయి. మేనేజర్ గుమ్మంలో నిలబడ్డాడు, పక్కన లేడీ గార్డు.

"నాకేం సరదానా చెప్పండమ్మా? ఒక్కొక్కరు పక్క గదిలోకి రండి. బట్టలన్నీ విప్పి దులిపి చూపిస్తే చాలు. తప్పు చెయ్యనివాళ్ళకు భయమెందుకు తల్లీ?"

నా చేతులు తెలియకుండానే కడుపు మీదకు పోయాయి. పెద్దక్క చూసింది. లేచి పోయి అతనికీ మాకూ మధ్య నిలబడింది.

"బట్టలు విప్పుడు ఉండదు సార్. సంచులు చూస్కోండ్రి, డబ్బాలు చూస్కోండ్రి. మా ఆడోళ్ళ ఒంటి మీద చెయ్యి పడొద్దు."

"చెక్ చేసేది ఆడమనిషే కదమ్మా."

"ఎవరైతే ఏంది సార్? పైన లాప్‌టాప్‌లేసుకుని కూసున్నోళ్ళ బట్టలు ఇప్పిస్తరా? ఆ బాత్రూంల వాళ్ళు గూడ పోయిండ్రు గద."

అతను నవ్వాడు. "సరే, ఆలోచించుకోండి. ఎవరు సిద్ధమైతే వాళ్ళు తలుపు తట్టండి." తలుపు మూసి బయట గొళ్ళెం పెట్టాడు.

పెద్దక్క ఇటు తిరిగింది. "ఉంగరం ఎవరన్న తీసిండ్రా? ఉంటే చెప్పుండ్రి, ఏం అనను." అందరూ తలలు అడ్డంగా ఊపారు. ఆమె కళ్ళు నా ఎడమచేతి దగ్గర ఆగాయి. గదిలో గ్లౌజుతో ఉన్నది నేనొక్కదాన్నే.

"ఇప్పు."

గ్లౌజు తీశాను. పెద్దక్క నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. "ఎందుకు పెట్టుకున్నవే పోరీ?"

"జేబు లేదు గదక్కా. గార్డు లేకుండె. పడిపోతదని పెట్టిన. ఇప్పుడొస్తలేదు." ఏడుపు తన్నుకొచ్చింది.

నమ్మింది. మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మాలో సోఫా తుడిచిన ఆమె మాత్రం భగ్గుమంది. "దీని ఒక్కదాని కోసం మనమందరం చావాల్నా? తలుపు కొట్టి చెప్పేద్దాం పెద్దక్కా. నా పిల్లలు సాయంత్రం నా కోసం చూస్తుంటరు." నాకామె మీద కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. ఆమె స్థానంలో నేనుంటే అంతకంటే గట్టిగా అరిచేదాన్ని.

పెద్దక్క నా చొక్కా పట్టుకుని పొట్టకు అదిమింది. చున్నీ కింద ఉన్నదేమిటో అందరికీ తెలిసింది. "ఇయ్యాల దీన్ని దొంగ అంటే రేపు కార్డు పోతది. కార్డు పోతే ఈ పిల్ల మల్ల ఆటోల తిరగాలె. పోయినసారి ఏమైందో మీకు ఎర్కనే. ఇగ కొట్టు తలుపు, నేను ఆపను." సోఫా ఆమె గోడకానుకుని కూర్చుండిపోయింది. తలుపు కొట్టలేదు.

చేతులు కడిగే సబ్బు డబ్బాలు డబ్బాలుగా ఉంది. వేలంతా పూసి లాగారు. రాలేదు. చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నారు. రాలేదు. వేలు నల్లబడుతోంది. ఇంతలో పైనున్న ఫ్యాన్ ఆగిపోయింది. కరెంటు పోలేదు, లైటు వెలుగుతూనే ఉంది. ఫ్యాన్ మాత్రం ఆపించాడు. పది నిమిషాల్లో యాసిడ్ వాసన గొంతులోకి దిగింది. ఒకామె దగ్గడం మొదలుపెట్టింది, తర్వాత అందరం. నేను బకెట్లో వాంతి చేసుకున్నాను. ఆగకుండా మళ్ళీ మళ్ళీ వచ్చింది.

తలుపు జానెడు తెరుచుకుంది. "అయ్యో, ఎవరికో ఒంట్లో బాగోలేనట్టుంది. ఆ అమ్మాయిని ముందు పంపండి. చెక్ చేయించుకుని హాయిగా గాలికి పోతుంది. నీళ్ళు కూడా ఇస్తాను."

నేను లేచాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఒక్క గుక్క గాలి కోసం ఏమైనా ఒప్పుకునేదాన్ని. అడుగు వెయ్యబోతే పెద్దక్క నా భుజం పట్టి కూర్చోబెట్టింది. చేతి బలమంతా తెలిసింది. తర్వాత తలుపు సందులో తన కాలు అడ్డం పెట్టింది, చెప్పు లేని కాలు.

"అది రాత్రి అన్నం తిన్నది, పడలే. ఎవ్వరు రారు సార్. వస్తే తొమ్మిది మందిమి వస్తం, బట్టల మీదనే వస్తం."

"కాలు తియ్యండమ్మా."

"ఫ్యాన్ ఎయ్యుండ్రి."

అతను తలుపును ఆ కాలు మీదకు నెట్టాడు. నెమ్మదిగా, బలంగా. నేను ఆమె వెనకే ఉన్నాను, మొహం కనబడలేదు. వీపు మాత్రం బిగుసుకుంది. "తియ్యండి తల్లీ, దెబ్బ తగులుతుంది" అంటూనే నెడుతున్నాడు. ఆమె తియ్యలేదు. ఆ జానెడు సందులోంచి లోపలికొచ్చే గాలిని మేం ఎనిమిది మందిమీ పీల్చుకున్నాం. చివరికి లేడీ గార్డే, "సార్, రక్తం వస్తుంది సార్" అంది. అతను తలుపు వదిలేసి లిఫ్టు వైపు పోయాడు. ఏమనుకుందో ఏమో, గార్డు గొళ్ళెం పెట్టకుండా అక్కడే నిలబడింది. కాసేపటికి ఫ్యాన్ తిరిగింది.

పెద్దక్క కుంటుకుంటూ వచ్చి నా ముందు కూర్చుంది. కొత్త మాప్ ఒకటి తీసి, దాని దారాల్లోంచి సన్నటి పోగు లాగింది. ఆ పోగు కొసను ఉంగరం కిందినుంచి దూర్చి, పైన వేలికి గట్టిగా చుట్లు చుట్టింది. ప్రాణం పోయినట్టు నొప్పి. సోఫా ఆమె నా నోటికి తన మోచెయ్యి అడ్డం పెట్టింది. "కొరుకు, ఫర్వాలేదు" అంది. పెద్దక్క కింది కొస పట్టుకుని ఒక్కో చుట్టు విప్పుతుంటే ఉంగరం వెంట్రుక వాసి చొప్పున పైకి జరిగింది. ఊడి ఆమె అరచేతిలో పడేసరికి నా వేలి తోలు లేచిపోయింది.

"దాన్ని ఆ బకెట్ల పారేద్దాం" అంది ఒకామె. "ఈడ దొరికిందని చెప్దాం" అంది ఇంకొకామె. పెద్దక్క తల అడ్డంగా ఊపింది. "ఈడ దొరికితే తొమ్మిది మందిమి దొంగలమైతం. పారేస్తే నిజంగనే దొంగలమైతం. వద్దు."

మూడింటికి మేనేజర్ వచ్చాడు. ఈసారి నవ్వు కాస్త పలచబడింది. నాలుగింటికి క్లయింట్లొస్తారు, పద్నాలుగు అంతస్తుల్లో పొద్దున్నించీ పడ్డ చెత్త పడ్డట్టే ఉంది. తలుపు పూర్తిగా తెరిచాడు.

పెద్దక్క పిడికిలి ముందుకు చాపింది. "ఉంగరం నా తాన ఉంది. మీకియ్యను. ఆ మేడం చేతిలనే పెడ్త, పైన లాబీల, అందరి ముంగట. ముందు వీళ్ళంతా బయటికి పోవాలె. ఎవరి ఒంటి మీద చెయ్యెయ్యొద్దు."

"ఎవరు తీశారు?"

"నేనే."

"అబద్ధం. హడావిడిలో ఈ రోజు ఆరో ఫ్లోర్‌కు అందరూ పోయారు, మీరు తప్ప." అతని గొంతు మెత్తబడింది. "ఒక్క పేరు చెప్పండమ్మా. మిగతా వాళ్ళకేం కాదు. పక్క టవర్‌కు కూడా మిమ్మల్నే సూపర్‌వైజర్ చేయిస్తాను. లేదంటే పోలీసులను పిలుస్తాను. ఆలోచించండి."

"పిలువుండ్రి. రెండున్నర గంటలు ఆడోళ్ళను గొళ్ళెం పెట్టి ఉంచినవని వాళ్ళకు చెప్త. ఈ కాలు చూపిస్త. పేరు కావాల్నంటే నాదే రాస్కోండ్రి."

అతను మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. నా దగ్గరికొచ్చేసరికి ఎడమ చెయ్యి వెనక్కి దాచుకున్నాను. గడియారం చూసుకున్నాడు. పక్కకు తప్పుకున్నాడు.

మాకు లాబీ లిఫ్టు ఎక్కే హక్కు లేదు. కార్లు దిగే ర్యాంపు మీదుగా తొమ్మిది మందిమీ నడిచి పైకి పోయాం, ముందు పెద్దక్క కుంటుతూ. లాబీలోకి ఆ మేడం వచ్చింది. ఉంగరం చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా అమ్మది" అంది. తర్వాత టిష్యూ తీసుకుని దాన్ని శుభ్రంగా తుడిచి వేలికి పెట్టుకుంది. "నువ్వేనా తీసింది?" అని పెద్దక్కను అడిగింది.

"అవునమ్మా. పడిపోతదని తీసి పెట్టిన. చెప్పుడు ఆలస్యమైంది."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నేను తీశానని ఒక్క ముక్క అంటే చాలు. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే నా నోరు ఆ రోజు తెరుచుకోలేదు. చెయ్యి లేవలేదు. ఛీ, ఏం బతుకు అనిపించింది. అనిపించినా తెరవలేదు.

ఆ తర్వాత అందరం ఫ్లోర్లు తుడిచాం. ఆ కాలుతో ఆమె కూడా తుడిచింది. క్లయింట్లు వచ్చి వెళ్ళాక మేనేజర్ ఆమె మెడలోని ఐడీ కార్డు తీయించుకున్నాడు. మర్నాటికి సెక్యూరిటీ డెస్క్ వెనక బోర్డు మీద ఆమె ఫొటో అంటించారు, కింద ఇంగ్లీషులో 'దొంగతనం, లోపలికి రానివ్వరాదు' అని. ఏ టవర్‌లోనూ ఆమెకు మళ్ళీ పని దొరకలేదు. జీడిమెట్లలో ఒక కెమికల్ యూనిట్‌లో డ్రమ్ములు కడిగే పనికి కుదిరింది.

ఆ పెద్ద చొక్కా మాటునే, మిగతావాళ్ళు అడ్డం నిలుస్తుంటే, నెలలు నెట్టుకొచ్చాను. నాకు పాప పుట్టింది. నెల తక్కువే, కాని పెద్ద దవాఖానలో, చుట్టూ డాక్టర్లుండగా. పుడుతూనే గుక్కపెట్టి ఏడ్చింది. కొన్నాళ్ళకు మళ్ళీ అదే టవర్‌కు పనికి పోయాను. రోజూ ఆ ఫొటో ముందు సంతకం పెట్టి లోపలికి పోయేదాన్ని. ఏడాది పాటు పోయాను.

పాపను ఎత్తుకుని ఒక ఆదివారం జీడిమెట్లలో ఆమె గదికి పోయాను. పాపను చూసి మురిసిపోయింది. కాలి బొటనవేలి గోరు మళ్ళీ రాలేదు, చూశాను. "ఆ దినం నేను చెయ్యెత్తాల్సింది పెద్దక్కా" అన్నాను. అయ్యో, అదేం లేదు బిడ్డా అంటుందనుకున్నాను. దానికోసమే పోయానేమో.

"ఆ దినం ఎత్తితే పండ్లు రాలగొడ్దును" అంది. "తర్వాత? పిల్ల పుట్టె, కార్డు పనైపాయె. ఏడాదాయె. తర్వాత చెప్పొచ్చు గద. మా తమ్ముని బిడ్డ అదే టవర్ల పని చేస్తది. నా ఫొటో చూసి ఊర్ల చెప్పింది. నేనిప్పుడు ఊరికి పోతలేను." కోపంగా అనలేదు. పాప కాలి పట్టా సర్దుతూ అంది.

మర్నాడు పొద్దున లారీలు సరుకు దించే లోడింగ్ డాక్ దగ్గర రోజూలాగే అందరినీ వరసగా నిలబెట్టారు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, ముందు అదే మేనేజర్. నేను చెయ్యెత్తాను. "ఆ ఉంగరం తీసింది నేను. పెద్దక్క కాదు. ఆ ఫొటో తియ్యుండ్రి. పెట్టాల్నంటే నాది పెట్టుండ్రి" అన్నాను. అందరికీ వినబడేలా రెండుసార్లు అన్నాను. "ఇప్పుడెందుకమ్మా పాత సంగతులు?" అని మేనేజర్ నవ్వుతుండగానే సోఫా తుడిచిన ఆమె వరసలోంచి బయటికొచ్చి, పక్కనే ఉన్న సెక్యూరిటీ డెస్క్ దగ్గరికి పోయి, ఫొటోను గోటితో గీకి ఊడదీసింది. ఆమెనెవరూ ఆపలేదు. నా ఐడీ కార్డు మాత్రం అప్పటికప్పుడే తీయించుకున్నాడు.

గేటు బయట నిలబడి పెద్దక్కకు ఫోన్ చేశాను. అవతల డ్రమ్ములు దొర్లుతున్న చప్పుడు.

"చెప్పిన అక్కా."

"ఎవరెవరు విన్నరు?"

"అందరు. మీ తమ్ముని బిడ్డ గూడ ముంగటనే ఉంది."

డ్రమ్ముల చప్పుడు ఆగిపోయింది. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. అప్పుడు వినబడింది. తలుపు కింద కాలు నలిగినప్పుడు కూడా చప్పుడు చెయ్యని మనిషి, పనిలో అందరి మధ్యా నిలబడి బిగ్గరగా ఏడుస్తోంది.